కౌంటింగ్ రోజు టీవీ అంకెలు ముందే రాసిపెట్టినవి కావు, కంగారులో రాసినవి

ప్రతి ఎన్నికకీ ఒక వాట్సాప్ మెసేజ్ మళ్లీ మళ్లీ తిరిగొస్తుంటుంది. ఈసారి మా బాబాయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. సారాంశం ఇది: "ఈసీ సైట్‌లో ఒక్క సీటూ కనపడని టైంలో టీవీలో డజన్ల కొద్దీ సీట్ల ఆధిక్యం ఎలా చూపిస్తారు? ఒక్కో ఛానల్లో ఒక్కో అంకె ఎందుకు? పొద్దున గెలుస్తున్నవాళ్లు మధ్యాహ్నానికి ఎలా ఓడిపోయారు? గ్రాఫిక్స్ ముందు రోజే ఎలా రెడీ అయ్యాయి? యాంకర్ చెవిలో చెప్పేదెవరు? అంతా ముందే రాసిపెట్టిన ఫలితం, అందరికీ పంపండి."

నేను కొన్నేళ్లు ఒక తెలుగు ఛానల్లో ఎలక్షన్ డెస్క్ మీద పనిచేశాను. ఛానళ్లను వెనకేసుకు రావాలని ఇది రాయట్లేదు, వాళ్ల తప్పులు ఈ మెసేజ్ రాసినాయన కంటే నాకే ఎక్కువ తెలుసు. ఆయన పట్టుకున్న తప్పు మాత్రం అసలు తప్పు కాదు.

"ఈసీ కంటే ముందే ఎలా?"

ఐదు ప్రశ్నల్లో గట్టిది ఇదే. ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లు మొదలుపెడతారు, ఈవీఎంలు 8.30కి. మామూలుగా ఒక హాల్లో 14 టేబుళ్లు ఉంటాయి, 14 ఈవీఎంలు లెక్కపెడితే ఒక రౌండు. అంటే 280 పోలింగ్ కేంద్రాలున్న నియోజకవర్గంలో 20 రౌండ్లు. రౌండు అయ్యాక రిటర్నింగ్ అధికారి అభ్యర్థులవారీగా చదివి వినిపిస్తారు, అభ్యర్థుల తరఫున హాల్లో కూర్చునే ఏజెంట్లు రాసుకుంటారు. హాల్లోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి బయట మీడియా సెంటర్లో కాచుక్కూచున్న మా రిపోర్టర్‌కి ఆ అంకె చేరాలి, అతను ఆఫీసులో వార్తలు అందుకునే ఇన్‌పుట్ డెస్క్‌కి ఫోన్ కొట్టాలి, ఇక్కడ ఒకరు టైప్ చేయాలి, అంతే, తెర మీదికి వచ్చేస్తుంది. ఈసీ సైట్‌కి అలా కుదరదు. రౌండు షీటు మీద సంతకాలు కావాలి, తర్వాత ప్రతి అభ్యర్థి ఓట్లూ కంప్యూటర్లో ఎక్కించాలి. 2022 మునుగోడు ఉపఎన్నికలో రౌండ్ల వివరాలు ఆలస్యంగా వస్తున్నాయని పార్టీలు గోల పెడితే, బరిలో 47 మంది ఉన్నారు కాబట్టి టైం పడుతోందని అధికారులు చెప్పారు. మాకు అక్కర్లేనిది అదే, పైన ఉన్న ఇద్దరు ముగ్గురి అంకెలు చాలు.

అయితే ఇది తొమ్మిది, తొమ్మిదిన్నర తర్వాత కనపడే అంకెల సంగతి. 8.05కే వచ్చే లీడ్ల మాటేమిటి అంటే, నా దగ్గర సమర్థన లేదు. 2024 అక్టోబర్‌లో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమార్ ఈ సంగతే ఎత్తి, ఈవీఎంల లెక్కింపు 8.30కి గానీ మొదలుకాదు, 8.05, 8.10కే టీవీల్లో వచ్చే ట్రెండ్లు అర్థం లేనివని ప్రెస్‌మీట్‌లోనే చీవాట్లు పెట్టారు. సరైన మాటే. ఆ టైంలో మా దగ్గర ఉండేది మహా అయితే ఒక కట్ట పోస్టల్ బ్యాలెట్లు విప్పారన్న వార్త, లేదంటే ఒక ఏజెంటు ఊహ. పక్క ఛానల్ పన్నెండు చూపిస్తుంటే మనది సున్నా దగ్గరే ఉందని పైనుంచి కేకలు మొదలవుతాయి, ఆ టెన్షన్‌లో "ఫలానా చోట వాళ్లే కదా, పెట్టేయ్" అనేస్తారు. ఇది సిగ్గుపడాల్సిన పని. కానీ దీన్ని కుట్ర అంటే కుట్రలకే అవమానం.

"ముందే రాసిపెట్టారు" అనేవాళ్లకి నాదొక ప్రశ్న. రాసిపెట్టుకున్నవాళ్లు తప్పు ఎందుకు రాసుకుంటారు? 2015 నవంబర్ 8న బిహార్ లెక్కింపులో పొద్దున్నే చాలా ఛానళ్లు ఎన్డీయేని ముందంజలో చూపించాయి, చివరికి మహాకూటమికి 178, ఎన్డీయేకి 58. ఎన్డీటీవీలో ప్రణయ్ రాయ్ ఉదయం వచ్చిన డేటా తప్పని చెప్పి క్షమాపణ అడగాల్సి వచ్చింది. 2024 హర్యానాలో పొద్దున కాంగ్రెస్ ఆఫీసులో సంబరాలు మొదలైపోయాయి, సాయంత్రానికి బీజేపీ 48, కాంగ్రెస్ 37. అదే ఏడాది జూన్ 4న, లోక్‌సభ ఫలితాల రోజు, ఎన్డీయేకి 350 దాటుతాయని చెప్పిన ఎగ్జిట్ పోల్ సంస్థ యాక్సిస్ మై ఇండియా అధిపతి ప్రదీప్ గుప్తా లైవ్‌లోనే కన్నీళ్లు పెట్టుకున్నారు, ఎన్డీయే 293 దగ్గర ఆగింది. స్క్రిప్టు చేతిలో ఉన్నవాళ్లు ఇన్ని కోట్ల మంది ముందు ఇలా పరువు తీసుకుంటారా?

"పొద్దున గెలిచినవాళ్లు ఎలా ఓడారు?"

రౌండ్లు పోలింగ్ కేంద్రాల వరుసలో వెళ్తాయి. కాబట్టి ఒక మండలం ముందొస్తుంది, ఇంకో మండలం చివర్లో వస్తుంది. ముందొచ్చిన మండలం ఒక పార్టీకి కంచుకోట అయితే తొలి రౌండ్లలో ఆ పార్టీ ఎగిరిపోతున్నట్టు కనపడుతుంది. ఊళ్లో ఉన్న ఏజెంట్లకి ఇది బాగా తెలుసు, "మా మండలం ఇంకా విప్పలేదులే" అని తాపీగా టీ తాగుతుంటారు. స్టూడియోలో కూర్చున్న విశ్లేషకుడికే తెలియదు, ఆయన మూడో రౌండుకే ప్రజాతీర్పు చదివేస్తాడు. 2020 నవంబర్ దుబ్బాక ఉపఎన్నిక గుర్తుందా? 23 రౌండ్లు, ఆధిక్యం అటూ ఇటూ ఊగి చివరికి రఘునందన్ రావు గెలిచింది వెయ్యి పైచిలుకు ఓట్లతో. ఓట్లు ఎవరూ మార్చలేదు. ఉన్న ఓట్లనే వరుసలో లెక్కపెట్టారు, అంతే.

"ఒక్కో ఛానల్లో ఒక్కో అంకె"

ఒక్కోసారి ఇది కూడికల తేడా మాత్రమే. 2023 డిసెంబర్ 3న తెలంగాణలో కాంగ్రెస్‌కి 64 వచ్చాయి. పొత్తులో ఉన్న సీపీఐ ఒక్కటీ కలిపితే 65. రెండూ కరెక్టే. 2024లో ఏపీలో టీడీపీ 135 అన్నా, కూటమి 164 అన్నా అబద్ధం కాదు, జనసేన 21, బీజేపీ 8 కలుపుతున్నారా లేదా అన్నదే తేడా. ఇక ఫలితం రాకముందు తేడాలంటే, ఒక ఛానల్‌కి ఆ ఊళ్లో స్ట్రింగర్, అంటే వార్తలు పంపే స్థానిక విలేకరి, ఉంటాడు, ఇంకో ఛానల్‌కి ఉండడు. అసలు అన్ని ఛానళ్లలో అన్ని అంకెలూ నిమిషం తేడా లేకుండా ఒకేలా ఉంటేనే నేను అనుమానపడతాను.

"గ్రాఫిక్స్ ముందు రోజే రెడీ"

రెడీగానే ఉంటాయి మరి, పెళ్లి రోజు పొద్దున విస్తళ్లు కుట్టుకుంటూ కూర్చుంటామా? 175 నియోజకవర్గాలు, ఒక్కోచోట ముగ్గురు ముఖ్యులనుకున్నా ఐదొందల పైచిలుకు ఫొటోలు కత్తిరించాలి, ప్రతి ప్రధాన అభ్యర్థికీ "గెలుపు" ప్లేటు, అంటే తెర మీద వేసే గ్రాఫిక్, చేయాలి. ఒకే సీటులో ఇద్దరికీ, ముగ్గురికీ గెలుపు ప్లేట్లుంటాయి, స్క్రీన్‌షాట్ తీసేవాళ్లు ఒక్కటే తీస్తారు. తర్వాత డమ్మీ అంకెలతో రిహార్సల్ చేస్తారు. నేనున్న చోట ఒకసారి ఆ డమ్మీ అంకెలు నాలుగైదు సెకన్లు ఎయిర్‌లోకి వెళ్లిపోయాయి, నొక్కాల్సిన బటన్‌కి పక్కది నొక్కారు. ఆ రాత్రి మా ఫోన్లు మోగిన మోత ఇప్పటికీ చెవుల్లో ఉంది. మాకు ఫలితం ముందే తెలిసుంటే డమ్మీలో రెండు పార్టీలకీ సమానంగా 87 ఎందుకు పెట్టుకుంటాం?

యాంకర్ చెవిలో మాట్లాడేది పీసీఆర్‌లో, అంటే ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్‌లో, కూర్చున్న ప్రొడ్యూసర్. "పది సెకన్లలో బ్రేక్", "గెస్ట్ ఆడియో పోయింది, నువ్వే లాగు", "ఆ అంకె చదవొద్దు, తప్పు". ఛానళ్లకి పార్టీల మీద మమకారం లేదని చెప్పను, ఎవరిని ఎక్కువసేపు చూపించాలి, ఎవరి ఇంటి ముందు టపాసులు లైవ్ ఇవ్వాలి అనే దగ్గర అది బాగానే కనపడుతుంది. అక్కడ విమర్శించండి, నేనూ కలుస్తా.

కానీ టీవీ అంకెకీ అసలు ఫలితానికీ మధ్య తీగ లేదు. మేం ఏం టైప్ చేసినా రిటర్నింగ్ అధికారి షీటు మీద ఒక్క ఓటు కదలదు. లెక్కింపు అయ్యాక ఫారం 20 అని ఒకటి తయారవుతుంది, ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లో అందులో ఉంటుంది, రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి సైట్‌లో పెడతారు. పోలింగ్ రోజు బూత్‌లో ఏజెంట్లకి ఇచ్చిన ఫారం 17సీలో మొత్తం ఓట్లు ఉంటాయి కదా, దాంతో పోల్చుకోవచ్చు. బాబాయికి మా బూత్ ఉన్న పేజీ పంపాను. స్కాన్ చేసిన కాగితం, అడ్డంగా ఉంది, ఫోన్ తిప్పి చూడమని చెప్పాను.