షార్ట్‌స్టాప్ ఏం చేస్తాడో కూడా చెప్పండి

బేస్‌బాల్ కొత్తగా చూసేవారి కోసం రాసిన మీ వ్యాసంలో బ్యాటింగ్ గురించి చక్కగా వివరించారు. ఫీల్డర్ల విషయానికి వచ్చేసరికి తొమ్మిది పేర్లు ఇచ్చి సరిపెట్టారు. ఆటలోని అసలు అందం అక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

స్కోరు రాసేటప్పుడు ప్రతి ఫీల్డింగ్ స్థానానికీ ఒక అంకె ఉంటుంది. పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) 1, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడు) 2, ఇక రన్నర్ వరుసగా చేరాల్సిన బేస్‌ల దగ్గరి ఫీల్డర్లు: ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5. సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. వెనక ఔట్‌ఫీల్డ్‌లో, బ్యాటర్ వైపు నుంచి చూస్తే, ఎడమ నుంచి కుడికి 7, 8, 9. ఇక '6-4-3 డబుల్ ప్లే' (ఒకే బంతికి ఇద్దరిని ఔట్ చేయడం) చూడండి. ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్నాడు. బ్యాటర్ కొట్టిన బంతి నేల మీద దూసుకుంటూ షార్ట్‌స్టాప్ చేతికి చిక్కింది. అతను సెకండ్ బేస్‌కు విసిరాడు. అక్కడి ఫీల్డర్ బంతి అందుకుని, బేస్‌ను కాలితో తాకి, అదే ఊపులో ఫస్ట్ బేస్‌కు విసిరాడు. బ్యాటర్ కంటే ముందే బంతి అక్కడికి చేరింది. రన్నర్, బ్యాటర్ ఇద్దరూ ఔట్! రన్నర్‌ను బంతితో తాకనక్కర్లేదు, ఎందుకంటే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు పరుగు తీస్తున్నప్పుడు రన్నర్ దాన్ని ఖాళీ చేసి తీరాలి. క్రికెట్‌లో బంతిని ఆడి కూడా క్రీజులోనే ఉండిపోవచ్చు. ఇక్కడ బంతి ఫెయిర్ గీతల (ఆట హద్దుల) మధ్య పడితే పరుగెత్తాల్సిందే. మన పాఠకులకు ముందుగా చెప్పాల్సిన తేడా ఇదే.

పిచర్‌కు బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే డీహెచ్ (డిజిగ్నేటెడ్ హిట్టర్) గురించి కూడా రాయండి. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో ఆ పద్ధతి 1973లో మొదలైంది. రెండోదైన నేషనల్ లీగ్ 2022లో శాశ్వతంగా స్వీకరించింది. పిచింగ్, బ్యాటింగ్ రెండూ అగ్రస్థాయిలో చేసే షోహెయ్ ఓహ్తానీ ఎంత అరుదైన ఆటగాడో అది తెలిస్తేనే అర్థమవుతుంది.