సంతకం పెట్టినవాడి నేరం

ఈ మధ్య మనలో ఒక కొత్త న్యాయకోవిద వర్గం బయలుదేరింది. బ్రిటిష్ వారి ఏలుబడిలో మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకు పోయిన మన కూలీల మాట ఎక్కడ వచ్చినా, వీరు పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, ఒకే ఒక్క వాక్యం సెలవిచ్చి, ఇక చర్చ ముగిసిందన్నట్టు కళ్ళజోడు సవరించుకుంటారు. ఆ వాక్యం ఇది: “ఎవరూ మెడపట్టి ఈడ్చుకుపోలేదు కదండీ, అగ్రిమెంటు మీద సంతకం పెట్టే వెళ్ళారు.” నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు మారిషస్‌లో విహరించి వచ్చిన ఒక పెద్దమనిషి మొన్న ఈ తీర్పునే ఇంకాస్త మెరుగుపెట్టి వినిపించారు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు కనుక, మొత్తం మీద ఆ సంతకం లాభసాటి బేరమేనని ఆయన లెక్క తేల్చారు. సముద్రపు ఒడ్డున కొబ్బరిబోండం తాగుతూ చేసిన పరిశోధన కాబట్టి దానిని తేలికగా తీసివేయకూడదు.

నిజమే, సంతకమంటే సంతకమే. పాఠకులు కూడా కాసేపు కన్నీళ్ళూ ఆవేశమూ పక్కన పెట్టి, ఆ ఒప్పందాన్నే చేత పట్టుకుని, మారిషస్ తూర్పు తీరంలోని ఫ్లాక్ జిల్లాకు రావలసిందిగా కోరుతున్నాను. ఊళ్ళు కొద్ది, చెరుకు ఎక్కువ, ఎస్టేటు సరిహద్దు దాటితే మరో ఎస్టేటు తప్ప ఇంకేమీ తగలని పల్లెటూరి జిల్లా అది.

ముందుగా ఒప్పందంలోని మొదటి పక్షం గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే పరిచయాలలో దొరలు ముందుండడం ఆనవాయితీ. 1835 ఫిబ్రవరి 1న ఆ దీవిలో బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం కడుపు తరుక్కుపోయి నష్టపరిహారం చెల్లించింది. తరతరాలుగా జీతం లేకుండా చాకిరీ చేసినవారికి నష్టం జరిగిందని మీవంటి భావుకులు అనుకోవచ్చు. ప్రభుత్వం అంత అమాయకురాలు కాదు. ఇరవై లక్షల పౌండ్లకు పైబడిన ఆ సొమ్ము బానిసల యజమానులకే ముట్టింది. బానిసలకు ముట్టింది ‘అప్రెంటిస్‌షిప్’. అంటే స్వేచ్ఛను మింగగలిగేలా అలవాటు చేయడానికి పాత దొర దగ్గరే మరికొన్నేళ్ళు పని. 1839లో ఆ శిక్షణ ముగియగానే వారిలో చాలామంది తోటల వైపు తిరిగి చూడకుండా పోయారు. దొరలకు ఇది తీరని కృతఘ్నతగా తోచింది.

అయితే దొరలు దూరదృష్టి గలవారు. 1834 నవంబరు 2 నాటికే ‘అట్లాస్’ అనే నౌక కలకత్తా నుంచి 36 మంది కూలీలను పోర్ట్ లూయీలో దింపింది. అప్పటి నుంచి 1910 దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ రేవులో దిగారు. మన గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు మీదుగా పోయినవారి పుణ్యమా అని తెలుగువారికి అక్కడ ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడింది. 1839 నాటి తుఫానుకు కోరంగి రేవు నేలమట్టమయింది గాని, ఆ పేరు మాత్రం సముద్రం అవతల క్షేమంగా మిగిలింది.

ఇప్పుడు ఒప్పందం. అయిదేళ్ళ పని. మగవాడికి నెలకు అయిదు రూపాయలు, దానితో పాటు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె. ఈ అయిదు రూపాయల స్థిరచిత్తం మెచ్చుకోదగినది. ప్రపంచంలో చక్కెర ధర ఎన్ని ఎగుడుదిగుళ్ళు చూసినా, కొత్తగా దిగిన కూలీ జీతం దశాబ్దాల తరబడి దాదాపు అక్కడే పద్మాసనం వేసుకు కూర్చుంది. ఇంటికి తిరిగిపోవడానికి ఉచిత ప్రయాణం అన్న షరతు మాత్రం అంత స్థిరచిత్తం చూపలేక 1850ల ఆరంభంలో మాయమయింది. ఇక ఒప్పందం తప్పితే ఏమవుతుందన్న విషయంలో చట్టం ఇద్దరినీ సమానంగానే చూసింది: కూలీ తప్పితే అది నేరం, జైలు ఉంది, దొర తప్పితే అది బాకీ, దావా ఉంది. దావా వేయదలచిన కూలీ చేయవలసిందల్లా పని మానుకుని మేజిస్ట్రేటు దగ్గరకు నడిచి వెళ్ళడమే. పని మానుకుంటే ఏమవుతుందో తరువాతి పేరాలో ఉంది.

‘డబుల్ కట్’ అన్న మహత్తర గణితాన్ని మన పాఠ్యపుస్తకాలలో చేర్చకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. సూత్రం సులువు: ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. నెలకు 26 పనిదినాలు అనుకుందాం. నాలుగు రోజులు రానివాడు 22 రోజులు పనిచేస్తాడు, 18 రోజుల జీతం అందుకుంటాడు. పదమూడు రోజులు రానివాడు పదమూడు రోజులు ఒళ్ళు హూనం చేసుకుని సున్నా అందుకుంటాడు. పద్నాలుగో రోజు కూడా రాకపోతే, పన్నెండు రోజులు దొర పొలంలో చెరుకు నరికినందుకు కూలీయే దొరకు బాకీ పడతాడు. లాస్ ఆఫ్ పే అనే అర్ధమనస్కపు విధానంతో కాలక్షేపం చేస్తున్న మన హైటెక్ సిటీ మానవ వనరుల విభాగాలవారు దీనిని చూసి సిగ్గుపడాలి. (వారికి ఈ వ్యాసం చూపించవద్దని మనవి.) ఏ రోజు గైర్హాజరో, ఏ రోజు జ్వరమో, ఏ రోజు పని పూర్తయినట్టో, కానట్టో తేల్చేది కూలీల మీద పెత్తనం చేసే సర్దారు నోటిమాట, ఆ మాటను శాసనంగా మార్చేది ఎస్టేటు లెక్కల పుస్తకం, ఆ పుస్తకాన్ని చదవలేనివాడి పేరు కింద వేలిముద్రో, ఇంటూ గుర్తో. దానినే మన కోవిదులు సంతకమంటున్నారు.

ఆ అయిదు రూపాయలు కూడా నెల తిరిగేసరికి చేతిలో పడతాయనుకోకండి. నెలల తరబడి జీతం బకాయి పెట్టడం ఎస్టేట్లకు అలవాటు. జీతం రానివాడు బియ్యం చాలకపోతే దుకాణంలో అప్పు చేస్తాడు, అప్పు తీరదు కనుక మళ్ళీ ఒప్పందానికి వేలు ముందుకు చాస్తాడు. ఆదివారం సెలవే, కాకపోతే పొద్దున్నే ‘కోర్వే’ అని కొన్ని గంటలు జీతం లేని చాకిరీ చేసి, ఆ తరువాత విశ్రాంతి తీసుకోవచ్చు. ఇప్పటికీ ఆ దీవి చెరుకు తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు గోపురాల్లా పేర్చి కనిపిస్తాయి. అగ్నిపర్వతం కక్కిన ఆ రాళ్ళను నేలలోంచి పెకలించి, చేతులతో మోసి, ఒక్కొక్కటిగా పేర్చినవారు బానిసలూ, వారి తరువాత ఈ కూలీలూ. కింద పెద్దవి, పైన చిన్నవి, సందుల్లో గులకలు. ఒక్కొక్క గుట్ట ఇంటి కప్పు ఎత్తుంటుంది. మన పెద్దమనిషి వాటి పక్కన నిలబడి ఫొటో దిగి వచ్చారు. ఏదో పురాతన నాగరికత తాలూకు కట్టడాలట.

ఇంతవరకూ ఒప్పందంలో ఉన్నవాడి గొడవ. మన కోవిదుల సిద్ధాంతం ప్రకారం అయిదేళ్ళు ముగిసి, పెట్టిన సంతకానికి అక్షరాలా కట్టుబడి, బాకీ లేకుండా బయటపడినవాడు స్వేచ్ఛాజీవి కావాలి. ఇతడిని ‘పాత వలసదారు’ అనేవారు. చక్కెర దొరల నిద్ర చెడగొట్టినవాడు ఇతడే. నాలుగు కూరగాయలు పండించుకుంటాడు, ఆవును మేపుకుంటాడు, బజారులో అమ్ముకుంటాడు, మళ్ళీ ఒప్పందానికి రాడు. 1867లో మలేరియా ఆ దీవిని ఇంటింటా ఊడ్చేస్తూ వేలమందిని పాతిపెట్టిస్తుండగా, సరిగ్గా ఆ ఏడాదే ప్రభుత్వం ఒక దివ్యమైన మందు కనిపెట్టింది: ఫొటో. పాత వలసదారు ప్రతి ఒక్కడూ తన ముఖచిత్రం అంటించిన టికెట్టునూ, ఏ జిల్లాలో ఉంటున్నాడో చెప్పే పోలీసు పాసునూ ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఫొటో ఖర్చు, సహజంగానే, ముఖం ఎవరిదో వారిదే.

ఇక్కడ దీవి కొలతలు కాస్త గుర్తుంచుకోవాలి. మొత్తం కలిపి మన కోనసీమ అంత ఉంటుంది. దానిని తొమ్మిది జిల్లాలు చేశారు. కాబట్టి అమలాపురంలో ఉంటున్నట్టు పాసు ఉన్నవాడు రాజోలులో చెల్లెలి ఇంటికి పోతూ పట్టుబడితే దిమ్మరి అయినట్టు, ఫ్లాక్ పాసు ఉన్నవాడు మోకా జిల్లాలో కనిపిస్తే దిమ్మరే. సరే, ఫ్లాక్‌లో ఒక పాత వలసదారు టికెట్టు వర్షానికి తడిసి ముద్దయిందనుకుందాం. నకలు కావాలంటే నెల జీతాన్ని మించిన రుసుము పట్టుకుని పోర్ట్ లూయీలోని వలస కార్యాలయానికి పోవాలి. పోర్ట్ లూయీ మరో జిల్లా. జిల్లా దాటాలంటే పోలీసు స్టేషనులో పాసు మీద రాయించుకోవాలి. రాయించుకోవాలంటే టికెట్టు చూపించాలి. టికెట్టు ఉంటే అతడు పోర్ట్ లూయీ పోవడమెందుకు? ఈ ధర్మసందేహాన్ని స్టేషనులోని మున్షీ తీర్చలేడు, మేజిస్ట్రేటు తీర్చనక్కరలేదు. అతడు తెగించి నడుస్తాడు. దారిలో కానిస్టేబుల్ ఆపుతాడు. టికెట్టు ఏదిరా అంటాడు. దానికోసమే పోతున్నానని వీడు తెలుగులో చెప్పుకుంటాడు. కానిస్టేబుల్‌కు తెలుగు రాదు. మేజిస్ట్రేటుకు అసలే రాదు. జైలు నుంచి బయటికి వచ్చినవాడికి టికెట్టు అప్పటికీ ఉండదు కనుక, గేటు దగ్గర నిలబడ్డ మరో కానిస్టేబుల్ మళ్ళీ అడుగుతాడు. ఈ చక్రం నుంచి బయటపడే దారి ఒక్కటే చట్టం తెరిచి ఉంచింది: ఏదో ఒక ఎస్టేటులో మళ్ళీ ఒప్పందానికి ఒప్పుకోవడం. అప్పుడు ఎవరూ ఏమీ అడగరు.

మాట నిలబెట్టుకున్నవాడిని వేటాడారు. నేను అతిశయోక్తి వాడడం లేదు; ఆనాటివారే దానిని వేట అన్నారు. తెల్లవారుజామున గుడిసెల మీద పడి, కాగితాలు అడిగి, లేనివాళ్ళనూ, ఉన్నా సరిగా లేవన్నవాళ్ళనూ మందను తోలినట్టు స్టేషనుకు తోలారు. అయిదేళ్ళు రాళ్ళు మోసినవాడు, ఎవరి సొమ్మూ తిననివాడు, తన పెరట్లో తాను నిలబడి దొంగయిపోయాడు. సంతకం గురించి ఉపన్యాసాలు దంచే మహానుభావులారా, ఇతడి సంతకం చెల్లిపోయింది కదా, అయిదేళ్ళూ అయిపోయాయి కదా, ఇప్పుడు ఏ కాగితం చూపించి ఇతడిని కట్టేశారు? మీ పవిత్రమైన ఒప్పందం అటువైపు ఒక్కరోజైనా ఎవరినైనా కట్టేసిందా? ఆకలికీ అప్పుకీ, కూలీలను పోగుచేసే అరకాటి మేస్త్రీ అబద్ధాలకీ లొంగి, తాను చదవలేని కాగితం మీద వేలు పెట్టినవాడిని, నూట యాభై ఏళ్ళ తరువాత చల్లని గదిలో కూర్చుని “నువ్వే కదా పెట్టావు” అనడానికి నోరెలా వస్తుంది?

క్షమించాలి. గంభీరమైన వ్యాసంలో గొంతు పెంచడం మర్యాద కాదు.

సంతకాలకు అంత విలువ ఉంటే 1871 నాటి సంగతి చూడండి. మామగారి ఎస్టేటును చూసుకుంటూ సుఖంగా ఉండవలసిన అడోల్ఫ్ దె ప్లెవిట్జ్ అనే యూరోపియన్, బుద్ధి గడ్డి తిని, ఈ బాధలన్నీ ఒక అర్జీగా రాయించాడు. దానికి 9,401 మంది పాత వలసదారులు సమ్మతి గుర్తు పెట్టారు. కోవిదులు ఎంతో ఇష్టపడే సంతకాలే, తొమ్మిది వేల పైచిలుకు. తోటల యజమానులు వాటిని ఎంత గౌరవించారంటే, ఆ మనిషిని దీవి నుంచి వెళ్ళగొట్టమని తామూ ఒక అర్జీ పెట్టారు. పోర్ట్ లూయీ వీధిలో అతడి మీద చేయి కూడా చేసుకున్నారు. గవర్నరు ఆర్థర్ గోర్డన్ అతడిని వెళ్ళగొట్టలేదు. 1872లో రాయల్ కమిషన్ అనే విచారణ సంఘాన్ని వేశారు, 1875లో నివేదిక వచ్చింది, అర్జీలో రాసింది చాలావరకు నిజమేనని తేలింది, 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. డబుల్ కట్ మాత్రం ఈ సంస్కరణలన్నిటినీ ఆశీర్వదించి, ఆరోగ్యంగా ఇరవయ్యో శతాబ్దంలోకి అడుగుపెట్టింది.

తరువాతి తరాలవారు రూపాయి రూపాయి కూడబెట్టి, ఎస్టేట్లు ముక్కలు చేసి అమ్మిన నేల కొనుక్కుని చిన్న రైతులయ్యారు. చెరుకు వారిదే, మిల్లు మాత్రం ఎస్టేటుది, ధర చెప్పేదీ మిల్లే. 1937లో, ఊబా రకం చెరుకుకు నూటికి 15 వంతులు ధర తగ్గించారు. పేద రైతులు ఎక్కువగా వేసుకునేది ఆ రకమే. అడగడానికి వెళ్ళినవారి మీద ఆగస్టు 13న యూనియన్ ఫ్లాక్ ఎస్టేటులో తుపాకులు పేలాయి, నలుగురు చనిపోయారు. ఆ ఎస్టేటు యజమానులు భారత సంతతివారే కనుక, దొర రంగు మారితే లెక్కల పుస్తకం మారుతుందనుకునేవారికి అక్కడే సమాధానం దొరికింది. విచారణ సంఘం కూర్చుంది. ఆ మరుసటి ఏడాది, 1938లో, కార్మికులు సంఘంగా ఏర్పడవచ్చునని చట్టం ఒప్పుకుంది. ఒక్కొక్కడిగా నిలబెట్టి వేలిముద్రలు తీసుకోవడం మొదలుపెట్టిన 104 ఏళ్ళకు, ఆ వేళ్ళు గలవారు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవచ్చునని దొరతనానికి తట్టింది. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హరెల్ ఎస్టేటులో కూలి పెంచమని సమ్మెకు దిగినవారు ఆ చట్టాన్ని నమ్మారు, పోలీసులు కాల్చారు. మరణించిన నలుగురిలో ఒకరైన అంజలై నిండు గర్భిణి.