నీళ్లకు సిలబస్ తెలియదు

మా వాడికి సైన్సు పరీక్షలో ఒక ప్రశ్నకు సున్నా వచ్చింది. తప్పు వాడిది కాదు, నీళ్లది. అందుకే నీళ్లకు షోకాజ్ నోటీసు ఇవ్వాలని ఇందుమూలంగా కోరుతున్నాను.

పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. సీసాకు పైన, మధ్యలో, అడుగున మూడు చిల్లులు. అడుగు చిల్లు నీళ్లు అన్నిటికన్నా దూరం పడతాయి. లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుందట. బుద్ధిమంతుడైతే ఆ బొమ్మను నోటుబుక్కులోకి దింపి పడుకునేవాడు. మా వాడు దబ్బనం కాల్చి రెండు లీటర్ల సీసాకు చిల్లులు పెట్టాడు. మిద్దె మీద గచ్చుపై నిలబెట్టి నిండా నీళ్లు పోశాడు. మధ్య చిల్లు ధారే ఎక్కువ దూరం పోయింది! మా అమ్మ సాక్షి. ధార పడినచోట ముగ్గుపిండితో గీత కూడా గీసింది.

తర్వాత నేనూ కూర్చుని చూశాను. అడుగు చిల్లు నీళ్లు జోరుగానే దూకుతున్నాయి, కానీ రెండడుగులు వేసేలోపే నేల తగులుతోంది. పై చిల్లు నీళ్లకు కిందపడడానికి బోలెడు టైముంది, ఊపు లేదు. మధ్యదానికి రెండూ సరిపడా ఉన్నాయి. లోతు నాలుగింతలైతే వేగం రెండింతలే అవుతుందని ఇటలీలో టోరిచెల్లి 1644లోనే లెక్క తేల్చాడు. అదే సీసాను దానంత ఎత్తున్న స్టూలు అంచున పెడితే అడుగు చిల్లే గెలుస్తుంది. పుస్తకమూ గెలుస్తుంది. పాపం, బొమ్మ గీసినాయన స్టూలు గీయడం మరిచినట్టున్నాడు.

స్కూలుకెళ్లి అడిగాను. "బాబు బ్రిలియంటే సార్, కానీ కీలో అలా లేదు" అన్నారు మేడం.

ఇదే స్కూల్లో ఫీజు రసీదులో 'అనుభవపూర్వక విద్య' అని వేరే పద్దు ఉంది. దాని కింద జలపాతం మోడల్ చేసుకురమ్మన్నారు. రాత్రి పదకొండున్నర దాకా థర్మాకోలు కోసి, దూది అంటించి కపిలతీర్థం కట్టాను. అనుభవం నాకొచ్చింది, గ్రేడు వాడికొచ్చింది. అసలు కపిలతీర్థం మా ఇంటికి రెండు కిలోమీటర్లు. గట్టి వాన పడితే మోటారు లేకుండా, కరెంటు బిల్లు లేకుండా కొండమీది నుంచి నీళ్లు దూకుతుంటాయి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లొచ్చు కదా అంటే, తడుస్తారన్నారు.

నేనేమీ తక్కువ తినలేదు. మొన్న పొద్దున అమ్మ దబరాలోకి కాఫీని చేతికందినంత ఎత్తు నుంచి పోస్తోంది. వాడు గడప మీద కూర్చుని చూస్తున్నాడు.

"అవ్వా, పైన లావుగా ఉండే ధార కిందికొచ్చేసరికి సన్నబడిందే! మధ్యలో కాఫీ ఎక్కడికి పోయింది?"

పడేకొద్దీ వేగం పెరిగి ధార సాగుతుందిరా, అందుకే సన్నబడుతుంది అని చెప్పడానికి అర నిమిషం చాలు. నేను చెప్పింది మాత్రం "ముందు హోంవర్క్ చెయ్యి" అని. గురుత్వాకర్షణ గురించి అమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర ఏటా రివిజన్ చేస్తుంది.

మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి వాడు పుస్తకంలో ఉన్నట్టే రాశాడు, ఫుల్ మార్కులు. సీసా ఇంకా మిద్దె మీదే ఉంది. మధ్య చిల్లు ధార అందేచోటికి అమ్మ తులసికుండీని జరిపించింది.