కొన్న ఫోనులో ఎవరి యాప్‌లు?

కొత్త ఫోను పెట్టె విప్పి సిమ్ వేసేసరికి మనం అడగని యాప్‌లు వరుసగా కనిపిస్తాయి. పాటలకొకటి, టీవీకొకటి, వార్తలకొకటి, డబ్బులు పంపడానికొకటి, రీచార్జ్‌కొకటి. కొన్ని ఫోనుతోనే వస్తాయి, కొన్ని సిమ్ కంపెనీ పేరుతో సెటప్ చేసేటప్పుడు దిగుతాయి. వీటిని ఉంచాలా, ఆపేయాలా అన్నది ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ దాకా తెలుగు ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న. స్టోరేజీ తక్కువున్న ఫోనుతో, రోజువారీ డేటా ప్యాక్‌తో నెట్టుకొచ్చే ఇంటికి ఇది చిన్న విషయమేమీ కాదు.

సిమ్ కంపెనీ పంపిన పాటల యాప్, టీవీ యాప్, ఆటల యాప్, వాలెట్ మీరు వాడకపోతే నిరభ్యంతరంగా ఆపేయండి. సిగ్నల్‌కీ వాటికీ సంబంధం లేదు. రీచార్జ్ యాప్ తీసేసినా ఇబ్బంది లేదు. ఆ పని షాపులోనో, ఏదైనా పేమెంట్ యాప్‌లోనో జరిగిపోతుంది. అయినా జనం భయపడుతున్నారంటే కారణం ఉంది. సెట్టింగ్స్‌లో యాప్ పేరు మీద నొక్కి 'డిసేబుల్' అనగానే, దీన్ని ఆపితే ఇతర యాప్‌లు సరిగా పనిచేయకపోవచ్చని ఫోను హెచ్చరిస్తుంది. పాటల యాప్‌కీ అదే హెచ్చరిక, కాల్స్ నడిపించే సర్వీసుకీ అదే హెచ్చరిక. "ఇది తీసేస్తే సిమ్ పోదు కదా బాబూ?" అని షాపులో అడిగే తల్లికి, "ఎందుకొచ్చిన గొడవమ్మా, ఉండనీయండి" అన్న జవాబే దొరుకుతోంది.

డిసేబుల్ చేస్తే యాప్ ఆగిపోతుంది, ఐకాన్ పోతుంది, నోటిఫికేషన్లు రావు, వెనక డేటా ఖర్చవదు. కావాలంటే మళ్లీ అక్కడికే వెళ్లి 'ఎనేబుల్' నొక్కితే తిరిగొస్తుంది. స్టోరేజీ విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఆ యాప్ అసలు కాపీ ఫోను సిస్టమ్ భాగంలోనే ఉండిపోతుంది. తర్వాత వచ్చిన అప్‌డేట్లు, అది పోగేసిన డేటా ఆక్రమించిన చోటు మాత్రమే ఖాళీ అవుతుంది. కొన్ని యాప్‌లకు డిసేబుల్ బటన్ మసకగా, నొక్కినా పలకకుండా ఉంటుంది. అప్పుడు కనీసం నోటిఫికేషన్లు, బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆపి, లొకేషన్, కాంటాక్ట్స్, మైక్ అనుమతులు వెనక్కి తీసుకోవాలి.

ముట్టుకోకూడనివీ ఉన్నాయి. క్యారియర్ కాన్ఫిగ్, ఐఎంఎస్ లాంటి పేర్లతో కనిపించేవి కంపెనీ ప్రకటనల యాప్‌లు కావు. వోల్టీ కాల్స్, అంటే 4జీ నెట్‌వర్క్ మీద మాట్లాడే కాల్స్, నడిచేది వాటి మీదే. జియో నెట్‌వర్క్‌లో 2జీ, 3జీ లేవు. అక్కడ వోల్టీ ఆగితే మామూలు కాల్ కూడా వెళ్లదు. సూరత్ మరమగ్గాల్లో పనిచేసే కొడుకు ఫోను కోసం సాయంత్రం ఎదురుచూసే గంజాం జిల్లా తల్లికి, తెలియక నొక్కిన ఒక్క బటన్ ఎంత టెన్షన్ తెచ్చిపెడుతుందో వేరే చెప్పాలా?

మరీ ముఖ్యమైనది ఎమర్జెన్సీ అలర్ట్‌ల సర్వీసు. 2023లో దేశమంతటా పరీక్ష కోసం ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది సెల్ బ్రాడ్‌కాస్ట్. టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి వెళుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ మోత చిరాకనిపించి దాన్ని ఆపేసిన ఇళ్లు ఉంటే ఈ రోజే తిరిగి ఆన్ చేయాలని మా విన్నపం. మన ప్రాంతానికి ఇది ఊహించుకుని భయపడే ప్రమాదం కాదు. 2013 అక్టోబర్‌లో పైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లా కొండల మీద కుండపోతగా కురిసింది. బరఘర దగ్గర కొండ వారన తలదాచుకున్న జనం చరియలు విరిగిపడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. వంశధార ఎగువన వాన పడితే కింద ఊళ్లకు గంటల ముందు తెలిసినా ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. ఆ కబురు అర్ధరాత్రి మోసుకొచ్చేది ఈ ఫోనే.

సిమ్ కంపెనీ సేవల మెనూ చూపించే సిమ్ టూల్‌కిట్ యాప్, ఆపేయదగ్గవాటికీ ముట్టుకోకూడనివాటికీ మధ్య ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేయమని మేం చెప్పం, సిమ్ మెనూ దాంట్లోనే ఉంటుంది. కానీ తెర మీద హఠాత్తుగా ప్రత్యక్షమయ్యే సందేశాలకు దారి కూడా అదే. జాతకం, క్రికెట్, కాలర్ ట్యూన్ అంటూ ఒక పెట్టె వస్తుంది, కింద 'ఓకే', 'క్యాన్సిల్' ఉంటాయి. భాష అర్థం కాని పెద్దాయన పొలంలో మట్టి చేత్తో, తెర మీది పెట్టె పోతే చాలని 'ఓకే' నొక్కుతాడు. ఇలాంటి సర్వీసులకు వినియోగదారు రెండోసారి ధ్రువీకరించాకే డబ్బు కోయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లోనే ఆదేశించింది. వద్దనుకుంటే ఆపించుకోవడానికి 155223 నంబరు పెట్టించింది. ఈ నంబరు ప్రతి రీచార్జ్ షాపు గోడ మీదా రాసి ఉండాలి. చాలా సిమ్ మెనూల్లో ఈ సందేశాలను ఆపే ఆప్షన్ ఉంటుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఒక్కసారి ఆ ఫోను తీసుకుని ఆ పని చేసిపెట్టాలి.

అసలు ఈ బాధ్యతంతా కొన్నవాడి నెత్తిన ఎందుకు పడాలి? దక్షిణ కొరియా ముందే వేసిన యాప్‌లను తొలగించుకునే వీలుండాలని 2014లోనే మార్గదర్శకాలు తెచ్చింది. యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం పెద్ద సంస్థల మీద 2024 మార్చి నుంచి ఇదే బాధ్యత పెట్టింది. మన దగ్గర వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసి, ముందే వేసిన తన యాప్‌లను తీసేయకుండా అడ్డుకోవద్దని కూడా చెప్పింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది గానీ, ఆ ఆదేశాన్ని కొట్టేసింది. సామాన్యుడికి నేరుగా ఉపయోగపడే ముక్కే పోయింది.

ప్రభుత్వం కూడా ఈ విషయంలో తడబడింది. కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్ ఉండి తీరాలని, దాని పనిని ఆపేసే వీలుండకూడదని టెలికాం శాఖ 2025 నవంబర్ చివర్లో కంపెనీలకు చెప్పింది. దేశమంతటా వ్యతిరేకత రావడంతో డిసెంబర్ 3న ఆ తప్పనిసరి నిబంధన ఉపసంహరించుకుంది. ఆ సేవ మంచిదే. పోయిన ఫోను బ్లాక్ చేయించుకోవచ్చు, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవచ్చు. వెబ్‌సైట్‌లోనూ ఆ పనులు జరుగుతాయి. మంచి యాప్ అయినా సరే, పెట్టుకోవాలో వద్దో ఫోను యజమానే తేల్చుకోవాలి. సిమ్ కంపెనీ విషయంలో మేం అడుగుతున్నదే ప్రభుత్వం విషయంలోనూ అడుగుతున్నాం.

మేం కోరేది పెద్దదేమీ కాదు. కాల్స్‌కూ అలర్ట్‌లకూ అవసరం లేని ప్రతి యాప్‌కూ తొలగించే బటన్ ఇవ్వాలి. ప్రతి సిస్టమ్ యాప్ పక్కన అది చేసే పని ఏమిటో, ఆపితే ఏది ఆగుతుందో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం మనకు తెలిసిన భాషలో ఉండాలి. మన జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోనులో ఇంగ్లీషు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన డేటా వాడుకోవడానికి సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు, ఒడియా రెండూ ఆ జాబితాలోవే. 2025 నవంబర్‌లో నియమాలు వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి. ఒడిశా సర్కిల్‌లో వ్యాపారం చేస్తున్న సిమ్ కంపెనీలు అందాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. పర్లాకిమిడిలో, గుణుపూర్‌లో అమ్మే ప్రతి సిమ్‌తో పాటు, ఏ యాప్ దేనికో తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పే ఒక్క కాగితం ఈ నెల నుంచే ఇవ్వవచ్చు.