బోనఫైడ్ సర్టిఫికెట్ గారికి, కబడ్డీ కోర్టు పక్కనుంచి

అయ్యా బోనఫైడ్ సర్టిఫికెట్ గారూ, నమస్కారమండి.

కోనసీమలో కాలేజీల కబడ్డీ పోటీలు మొదలైతే మీకు క్షణం తీరిక ఉండదని తెలుసు. బస్ పాస్ కోసమో స్కాలర్‌షిప్ కోసమో ఏడాదంతా ఆఫీసు చుట్టూ తిరిగే పిల్లలకి "క్లర్కు గారు సెలవు, సోమవారం రా" అనిపించే మీరు, టోర్నమెంటు ముందురోజు మాత్రం రాత్రి తొమ్మిదింటికైనా సంతకంతో సహా దొరికిపోతారు, అదీ కాలేజీ గేటు ఎటుందో తెలియని మనిషి కోసం.

మొన్న కూతకెళ్లిన బీఏ మొదటి సంవత్సరం విద్యార్థి రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్లు చూసుకునే మనిషి. ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి గట్టు మీద నించుని "నాన్నా, బోనస్!" అని అరుస్తోంది. స్కోరు రాసే మాస్టారు తలెత్తి చూసి, వెంటనే దించేసుకున్నారు. ఆట మాత్రం అదరగొట్టాడండి, అబద్ధమెందుకు.

చిత్రమేంటంటే ఈ ఆటలో పట్టింపులకి లోటు లేదు. రైడ్‌కి 30 సెకన్లు, అంతే. సీనియర్ మగవాళ్లలో 85 కిలోలు దాటితే కాటా దగ్గరే ఆపేస్తారు. కాలి వేలు గీత దాటిందా అని అంపైరు వంగి మరీ చూస్తాడు. ఇంతకీ ఆ కాలు ఎవరిదయ్యా అని మాత్రం ఎవరూ అడగరు. జవాబు మీరు ముందే రాసిచ్చేశారు కదా.

సంక్రాంతికి ఇదే గోదావరి జిల్లాల్లో చట్టం వద్దన్న కోడిపందేలు జరుగుతాయి, వీలైతే ఓసారి వచ్చి చూడండి. డేగ రంగు పుంజుని చూపించి కాకి రంగు పుంజు అని బరిలో దింపమనండి, చూద్దాం! పందెం కట్టే ముందు రెండు పుంజుల్నీ ఎదురెదురుగా పెట్టి, ఎత్తూ బరువూ ఈకా చూసి, అప్పుడు కత్తి కడతారు. మన పోటీల్లో మనిషికి ఆపాటి పరీక్ష కూడా లేదండి.

అవతలి జట్టు ప్రొటెస్ట్ చేయొచ్చు కదా అంటారేమో. ఫీజు కట్టి, కాగితం మీద రాసివ్వాలి. ఫీజుదేముంది, కట్టేస్తారు, కానీ వాళ్ల కార్నర్ ఆడేవాడు ఎప్పుడో డిగ్రీ అయిపోయి ఫైనాన్స్ వసూళ్లకి తిరుగుతున్నాడాయె. అందుకని రెండు కాలేజీల పీడీ గార్లిద్దరూ, అదే ఆటల మాస్టార్లు, టీ తాగుతూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

బహుమతుల దగ్గర ముఖ్య అతిథి అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్‌ని తలుచుకున్నారు, 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు, మీరూ అలా కష్టపడాలి అని. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది చెరువాయనే.

నిజానికి ఆయన మీద నాకు కోపం లేదండి. ఇచ్చిన డబ్బూ బిర్యానీ తీసుకుని ఇంటికెళ్లిపోయాడు. ఆయన ఆడింది యాజమాన్యం బంధువుల అబ్బాయి పేరు మీద. కూత ఈయనది, మెడల్ ఆ అబ్బాయిది. యూనివర్సిటీ సెలక్షన్‌కి కూడా చెరువాయనే వెళ్తాడట! ఆంధ్రప్రదేశ్ 2024 క్రీడా విధానంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు కదా, ఆ పెంచిన దాంట్లో ఓ కుర్చీ ఎవరికోసమో మీకు నాకన్నా బాగా తెలుసు.

జట్టుకి 12 మందే. పదమూడోవాడు ఒకడున్నాడు. తెల్లారకుండా కాలవగట్టు మీద పరిగెడతాడు, అడ్మిషన్ రిజిస్టర్లో వాడి పేరు నిజంగానే ఉంది, హాజరు కూడా ఉంది, మీ దగ్గరకి మాత్రం రెండుసార్లు తిరిగి వెళ్లాల్సొచ్చింది. "నీకింకా రెండేళ్లుంది కదరా" అన్నారట. వచ్చే ఏడు చెరువాయన బీఏ రెండో సంవత్సరానికి వస్తాడని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఆధార్ అడగండి, రిజిస్టరు తెప్పించండి అని మీకు చెప్పను. ఆ గళ్లన్నీ ఫారంలో ఎప్పట్నుంచో ఉన్నాయి, నింపుతూనే ఉన్నారు. ఒక్క మనవి. కాలేజీ స్టాంపు ప్రతిసారీ సరిగ్గా ఫొటోలో ముఖం మీదే పడుతోంది. కళ్లూ ముక్కూ ప్రిన్సిపాల్ గారి హోదా కిందకి వెళ్లిపోతే, అవతల నించున్నది అబ్బాయో చెరువాయనో పాపం అంపైరు ఎలా పోల్చుకుంటాడు? కాస్త మూలకి వేయించండి, మీసం వరకైనా కనపడుతుంది.

ఇట్లు,
పదమూడోవాడి మేనమామ