ఎదుటి మనిషికి మ్యూట్ బటన్ ఏది?

మనుషులు ఒకరినొకరు నేరుగా కలుసుకోవడమనే పాత పద్ధతిని ఇంకా ఎంతకాలం భరించాలి? ఎదురుగా కూర్చున్న మనిషికి మ్యూట్ బటన్ లేదు. 'మీ మాట కట్ అవుతోందండీ' అని తప్పించుకునే వీల్లేదు. చొక్కా ఒక్కటీ ఇస్త్రీ చేసుకుంటే చాలదు, నడుము కింద కూడా మర్యాదగా ఉండాలి.

పైగా మన ముఖం మనకే కనిపించదు. తెర మూలన గడిలో రోజంతా మనల్ని మనం చూసుకోవడం కూడా వీడియో కాల్స్ అలసటకి ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బైలెన్సన్ 2021లో రాశారు. కావచ్చు. కానీ అవతలివాళ్ళు విసిగిస్తున్నప్పుడు చూసుకోవడానికి ఒక ముఖమంటూ ఉండేది కదా!

జూమ్ మీటింగుల్లో 2019 డిసెంబరులో రోజుకి కోటిమంది పాల్గొంటే, 2020 ఏప్రిల్‌కి ఆ లెక్క 30 కోట్లు దాటింది. ఒకే మనిషి అయిదు మీటింగుల్లో కూర్చుంటే అయిదుగురి కింద లెక్క. ఇంత విలువ మనకి ఏ జనాభా లెక్కల్లో దక్కింది? అలాంటి జూమ్ కంపెనీయే 2023 ఆగస్టులో, ఆఫీసుకి 80 కిలోమీటర్ల లోపు ఉండే ఉద్యోగులు వారానికి రెండు రోజులు స్వయంగా రావాలంది. మనల్ని ఇంట్లో కూర్చోబెట్టి, తను మాత్రం మనుషులతో కులాసాగా గడుపుదామనుకుంటోంది.

2021లో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లని రెండింతల వేగంతో వినే సదుపాయం ఇచ్చింది. అప్పట్నించీ మామూలు మనుషుల మాట సాగదీసినట్టే ఉంటోంది. కష్టం చెప్పుకుంటున్న స్నేహితుడు గొంతు పూడుకుపోయి కాసేపు ఆగితే, పాపం, బఫరింగ్ అవుతోందేమోనని ఓపికపడుతున్నాం.

'కాల్ చేయొచ్చా?' అని ముందు మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేసేవాళ్ళని ఈమధ్య ఎవరూ క్షమించడం లేదు. అది న్యాయమే. ఇక చెప్పాపెట్టకుండా తలుపు తట్టేవాళ్ళ సంగతి పోలీసులే చూసుకోవాలి.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. సరిగ్గా ఆ వారంలోనే అప్పట్లో అమెరికా సర్జన్ జనరల్‌గా, అంటే ఆ దేశ ప్రజారోగ్య ప్రధాన ప్రతినిధిగా ఉన్న వివేక్ మూర్తి, మనుషులకి దూరమై బతకడం రోజుకి 15 దాకా సిగరెట్లు కాల్చినంత ప్రమాదమన్నారు. పోలికలో చిన్న లోపముంది. సిగరెట్లు కాల్చేవాళ్ళు కనీసం బయట గుంపుగా నిలబడి, అగ్గిపెట్టె అడిగి, నాలుగు మాటలైనా మాట్లాడుకుంటారు.

కాబట్టి ప్రభుత్వాలు వెంటనే ప్రతి కుర్చీకీ ఒక ఎర్రరంగు 'లీవ్' బటన్ బిగించాలి. అందాకా తప్పనిసరై ఎవరినైనా కలవాల్సి వస్తే, అర్జెంటు కాల్ వచ్చినట్టు నటించి లేచిపోవచ్చు. ఎదుటివాళ్ళకి అనుమానం వస్తుందన్న టెన్షన్ అక్కర్లేదు. వాళ్ళ ఫోన్ అప్పటికే వాళ్ళ చెవి దగ్గర ఉంటుంది.