650 రూపాయల సాహసం

కాకతీయుల తరువాత ఓరుగల్లు ఇంతమంది వీరులను ఒక్కచోట చూడడం బహుశా ఇదే మొదటిసారి. ఆదివారం తెల్లవారుజామున హనుమకొండ చౌరస్తాలో కాసేపు నిలబడితే చాలు, తారు మీదా మట్టి మీదా నడవగలిగేలా తయారుచేసిన ఎత్తైన మోటారుసైకిళ్లు ఒకదాని వెనుక ఒకటి ములుగు రోడ్డు పట్టడం కనిపిస్తుంది. ఒక్కొక్క బండికి ఇరువైపులా అల్యూమినియం పెట్టెలు, ఇంజను చుట్టూ ఇనుప కడ్డీల పంజరం, ఎదుటివాడి చూపు పోగొట్టే అదనపు దీపాలు, హ్యాండిల్‌కు టిబెట్ ప్రార్థన జెండాలు, సీటు వెనుక ఐదు లీటర్ల పెట్రోలు డబ్బా ఉంటాయి. ఆ దారిలో పెట్రోలు బంకులున్నాయని ఆ డబ్బాకు ఇంకా ఎవరూ చెప్పినట్లు లేదు. వీరిలో కొందరు రామప్ప దాకా, తెగువ గలవారు లక్నవరం దాకా, ప్రాణాలను లెక్కచేయనివారు బొగత జలపాతం దాకా వెళ్లి, ఇడ్లీ తిని, ఫొటోలు దిగి, సాయంత్రానికి ఇల్లు చేరుకుంటారు. ఇందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఎవరి లద్దాఖ్ వారిది.

అయితే ఇంతటి సన్నాహంలో ఒకే ఒక్క వస్తువు దగ్గర ఈ వీరులకు తాతల నాటి పొదుపు గుర్తుకు వస్తుంది. ఆ వస్తువు బ్రేకు ప్యాడ్. ఇనుప రేకు మీద అతికించిన రాపిడి పదార్థం, కొత్తగా ఉన్నప్పుడు సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం, రెండు వేళ్ల మధ్య పట్టేంత పరిమాణం, ఇదే దాని స్వరూపం. బండి, మనిషి, పెట్టెలు, డబ్బా, జెండాలు అన్నీ కలిపి మూడు వందల కిలోలు అనుకుందాం. అది గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆగవలసి వస్తే, దానిలో ఉన్న శక్తి ఒక గ్లాసు చల్లని నీళ్లను మరిగించడానికి దాదాపుగా సరిపోతుంది. ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని మూడు నాలుగు సెకన్లలో వేడిగా మార్చి, చక్రంతో పాటు తిరిగే లోహపు పళ్లెమైన డిస్కుకు అప్పగించవలసినవి ఈ నాలుగు మిల్లీమీటర్లే. వేగం సగమైతే ఆ శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది, కానీ మన వీరుడు వేగం తగ్గించడం నామోషీగా భావిస్తాడు కనుక ఆ లెక్క మనకు అక్కర లేదు.

ఈ పొదుపు ఎంత మహత్తరమైనదో నాకు వరంగల్‌లో ఒక స్పేర్ పార్ట్స్ దుకాణంలో పూర్తిగా బోధపడింది. నేను క్లచ్ కేబుల్ కోసం వెళ్లాను. నా ముందు ఒక సాహసవీరుడు నిలబడి ఉన్నాడు. కెమెరా బిగించిన హెల్మెట్‌ను కౌంటరు మీద పెట్టి, మోకాళ్లకు కవచాలు తొడుక్కుని, ఆయన ముందు చక్రం ప్యాడ్ల ధర అడిగాడు.

“కంపెనీవి ఆరు వందల యాభై సార్.”

“గింతంత రేకు ముక్కకు ఆరు వందల యాభయ్యా?”

“డిస్క్ బ్రేకు గద సార్.”

“తక్కువల ఏం లేవా?”

“లోకల్‌వి ఉన్నయ్. నూట ఎనభై.”

“ఒరిజినల్ లెక్కనే పని జేస్తయా?”

దుకాణదారుడు సత్యవంతుడు. ఒక్క క్షణం ఆలోచించి, “డబ్బా అయితే సేమ్ ఉంటది సార్,” అన్నాడు.

ఈ సమాధానం విని వెనక్కు తిరిగి వెళ్లిపోవలసిన మనిషి, సంతృప్తిగా తల ఊపాడు. అయినా బేరం అక్కడితో ముగియలేదు. ఆయన తన పాత ప్యాడ్లను జేబులోంచి తీసి కౌంటరు మీద పరిచాడు. ఒకటి కాగితంలా పలుచబడి ఉంది, రెండోది ఇంకా సగం మిగిలి ఉంది. “అరిగింది ఒక్కటే కదన్నా, ఒక్క ప్యాడ్ ఇయ్యి, సగం పైసలు దీస్కో,” అన్నాడు. ప్యాడ్లు జతగా వస్తాయని దుకాణదారుడు చెప్పగానే, ఈ దేశంలో వినియోగదారుడికి ఎంత అన్యాయం జరుగుతోందో చెబుతూ ఆయన ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. ఒక ప్యాడ్ మాత్రమే అరిగిపోయిందంటే, ప్యాడ్లను పట్టుకుని ఉండే క్యాలిపర్ జారవలసిన పిన్నులు తుప్పుతోనో బురదతోనో బిగుసుకుపోయి, లేదా ప్యాడ్‌ను డిస్కు మీదికి నెట్టే పిస్టన్ సరిగా వెనక్కు రాక, ఒక పక్కే డిస్కును ఒరుసుకుంటోందని అర్థం. అది ప్యాడ్ చేసుకుంటున్న మొర. ఆ మొరను ఆయన 50 శాతం రాయితీగా అర్థం చేసుకున్నాడు.

తరువాత ఆయన తమ రైడర్ల బృందం నాయకుడికి ఫోన్ చేసి, దుకాణమంతా వినేలా స్పీకర్ పెట్టాడు. అవతలి గొంతు గంభీరంగా పలికింది: “పాతయే ఇంకో రెండు వేల కిలోమీటర్లు నడుస్తయ్ తమ్మీ. ముందు బ్రేకు తక్కువ గొట్టు, వెనక బ్రేకు మీద నడుపు. ముందుది గొడ్తే పల్టీ కొడ్తవ్.” వీరుడు ఆ ఉపదేశాన్ని భక్తితో స్వీకరించాడు. అదే సమయంలో ఆయన చూపు గాజు అర వెనుక ఉన్న మొబైల్ హోల్డరు మీద పడింది. బండి అదురు ఫోను కెమెరాకు తగలకుండా అది కాపాడుతుందని దుకాణదారుడు వివరించాడు. ధర 1,900 రూపాయలు. బేరం లేదు, ప్రశ్న లేదు, నాయకుడికి ఫోన్ లేదు. అదురు నుంచి ఫోనుకు రక్షణ దొరికింది. ఇక మిగిలింది మనిషి కనుక, లోకల్ ప్యాడ్లను నూట యాభైకి దించి, ఆ వ్యవహారం కూడా ముగించాడు.

దుకాణాల శాస్త్రంలో ప్యాడ్లు రెండు రకాలు: కంపెనీవి, లోకల్‌వి. వీరుడికి ఆసక్తి ఉంటే మరో శాస్త్రం కూడా ఉంది. నారలను, రబ్బరును, ఇతర పొడులను జిగురులాంటి రెసిన్‌తో కలిపి అచ్చు పోసినవి ఆర్గానిక్ ప్యాడ్లు. ఇవి మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటాయి, డిస్కును పెద్దగా తినవు, ఊళ్లో తిరిగే బండికి హాయి. కానీ తాడ్వాయి అడవిలో వానాకాలపు బురదలోకి దిగితే, ఇసుక కలిసిన ఆ బురద ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య చేరి వీటిని ఎంత తొందరగా అరగదీస్తుందంటే, పోయేటప్పుడున్న బ్రేకు వచ్చేటప్పుడు ఉంటుందని నమ్మకం పెట్టుకోరాదు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగుతూ బ్రేకు మీదనే ఆధారపడితే, వేడికి ఉపరితలం గాజులా మెరుగెక్కి పట్టు తప్పుతుంది. రాగి వంటి లోహాల పొడిని వేడితో, ఒత్తిడితో గట్టి ముద్దగా చేసినవి సింటర్డ్ ప్యాడ్లు. ఇవి వేడికి, తడికి, బురదకు ఓర్చుకుంటాయి, ఎక్కువ కాలం వస్తాయి. బదులుగా కాస్త కీచుమంటాయి, డిస్కును ఎక్కువ అరగదీస్తాయి, కాబట్టి మన డిస్కు వాటికి తగినదో కాదో బండితో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. మధ్యేమార్గంగా సెమీ మెటాలిక్ రకం ఒకటి ఉంది. చాలా ప్యాడ్ల వెనుక రేకు మీద రెండు ఆంగ్ల అక్షరాలు కూడా ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టును, రెండోది వేడెక్కినప్పటి పట్టును చెబుతుంది. ఎఫ్ కంటే జీ, జీ కంటే హెచ్ ఎక్కువ. వీరుడు కొన్న ప్యాడ్ల వెనుక ఏ అక్షరమూ లేదు. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా అవి ఏం చేస్తాయో చెప్పే బాధ్యతను తయారుచేసినవాడు దేవుడికి వదిలేశాడు.

ఇప్పటిదాకా నేను నవ్వుతూనే రాశాను. ఇకపై అలా రాయడం నా వల్ల కాదు. “డబ్బా సేమ్ ఉంటది” అని చెప్పగలిగిన మనిషికి లోపలిది సేమ్ కాదని తెలుసు. తెలిసే అమ్ముతున్నాడు. నకిలీ ముద్రతో సరుకు అమ్మినవాడికి 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. ఆ చట్టం కాపాడేది కంపెనీ పేరును. ఆ ప్యాడ్ల మీద భరోసా పెట్టి భర్త వెనుక కూర్చుని, ఒళ్లో పిల్లను పెట్టుకుని, సమ్మక్క సారలమ్మల జాతరకు మేడారం పోతున్న ఆడమనిషి పేరు దానికి తెలియదు. రాత్రిపూట ఎనుమాములకు పత్తి తోలుకొచ్చే ట్రాక్టరుకు వెనుక ఎర్రదీపం ఉండదు. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైటు రాయి వేసుకున్న లారీ హఠాత్తుగా ఆగితే మన ముందున్నది రెండు సెకన్లు కూడా కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. ఆ చోట ఆమెకు మిగిలేది ఆ రేకు ముక్క ఒక్కటే. దాని మీద ఐదు వందలు మిగుల్చుకున్న మగవాడిని సాహసి అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు. అతడు సాహసం చేయడం లేదు. భార్యాపిల్లలను పందెం కాస్తున్నాడు, వాళ్లను అడగకుండా.

ఆ నాయకుడి ఉపదేశం సంగతీ అంతే. ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతామన్న అబద్ధాన్ని ఈ ప్రాంతంలో తండ్రులు కొడుకులకు ఆస్తిలా అప్పగిస్తున్నారు. బ్రేకు వేసిన క్షణంలో బరువులో ఎక్కువ భాగం ముందు చక్రం మీదికి వస్తుంది, అందుకే తారు రోడ్డు మీద ఆపే పనిలో పెద్ద భాగం ముందు బ్రేకుదే. బండి తయారుచేసినవాడికి ఆ సంగతి తెలుసు కనుకనే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండికి ముందు 300 మిల్లీమీటర్ల డిస్కు, వెనుక 240 మిల్లీమీటర్ల డిస్కు పెట్టాడు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేసింది కూడా, చక్రం బిగుసుకుపోతుందన్న భయం లేకుండా ఆ బ్రేకును వాడుకోవడానికే. లీవరును ఒక్కసారిగా గుంజితేనే ప్రమాదం, క్రమంగా బిగిస్తే కాదు. కంకర మీద, బురదలో ముందు బ్రేకును సున్నితంగా వాడి వెనుకదాని మీద ఎక్కువ ఆధారపడడం సరైనదే, అందుకే మట్టిలో తిరిగే బండ్లకు వెనుక ప్యాడ్లు చాలాసార్లు ముందే అరిగిపోతాయి. మట్టికి చెల్లే ఆ సలహాను తారుకు అంటగట్టి ఎంతమందిని ఆసుపత్రికి పంపారో ఆ నాయకులు ఒకసారి ఎంజీఎం వార్డుల వైపు వెళ్లి చూడాలి.

దుకాణానికి ఎదురుగానే మెకానిక్ షెడ్డు ఉండడంతో తరువాతి ఘట్టం కూడా నా కళ్ల ముందే నడిచింది. అసలైతే ఈ పని కష్టమైనదేమీ కాదు. క్యాలిపర్ విప్పి, పిన్ను లాగి, పాత ప్యాడ్లు తీసి, బయటికి వచ్చి ఉన్న పిస్టన్‌ను శుభ్రంగా తుడిచి, పైన ఆయిల్ డబ్బా మూత తెరిచి పొంగకుండా చూసుకుంటూ పిస్టన్‌ను మెల్లగా లోపలికి నొక్కి, జారే పిన్నులకు సిలికాన్ గ్రీజు పూసి, కొత్తవి బిగించాలి. డిస్కు మీద చెక్కి ఉండే కనీస మందం అంకెతో డిస్కును కూడా కొలిచి చూడాలి. మన మెకానిక్ తుడవలేదు. పిస్టన్‌కు పట్టిన బురదతో సహా పెద్ద స్క్రూడ్రైవరుతో డిస్కును ఆసరాగా చేసుకుని ఒక్క పోటు పొడిచాడు. మూత సందుల్లోంచి బ్రేకు ఆయిల్ పొంగి పెట్రోలు ట్యాంకు మీద పడింది. రంగును కాల్చేయడం ఆ ద్రవం స్వభావం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి మార్చాలి కూడా, లేకపోతే 230 డిగ్రీల దాకా మరగకూడని డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ 155 దగ్గరే మరగడం మొదలుపెట్టవచ్చు. ఆ చర్చకు అక్కడ అవకాశం లేకపోయింది, ఎందుకంటే వీరుడు ట్యాంకు మీది స్టిక్కరు పాడైందని గొడవ పెట్టుకున్నాడు. ఈ లోపల చెయిన్‌కు గ్రీజు పూసిన వేళ్లతోనే మెకానిక్ కొత్త ప్యాడ్ల ముఖం పట్టుకుని బిగించాడు. గ్రీజు అవసరమైన పిన్నులకు అందలేదు, తగలకూడని చోటుకు చక్కగా అందింది.

పిస్టన్ లోపలికి వెళ్లిన తరువాత లీవరును కొన్నిసార్లు నొక్కితే గాని ప్యాడ్ డిస్కును చేరదు. వీరుడు నొక్కకుండానే బండి ఎక్కి కదిలాడు. ఎదురుగా వచ్చిన ఆటోను చూసి బ్రేకు పట్టగా లీవరు గ్రిప్పు దాకా వచ్చి ఆగింది, బండి మాత్రం ఆగలేదు. రెండు కాళ్లూ నేల మీద ఈడ్చుకుంటూ చాయ్ బండి ముందు నిలబడ్డాడు. “రెండు మూడు సార్లు కొట్టాలె సార్, గప్పుడే వస్తది,” అని మెకానిక్ అక్కడి నుంచే అరిచాడు. కొత్త ప్యాడ్ డిస్కుతో కుదురుకోవాలంటే ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల నుంచి 10 దాకా, పూర్తిగా ఆగకుండా, ఒక ఇరవై సార్లు మెత్తగా వేగం తగ్గించాలని, మొదటి వంద రెండు వందల కిలోమీటర్లు గట్టిగా పట్టకూడదని ఆయనకు చెప్పబోయాను. ఆయన అప్పటికే కెమెరా ఆన్ చేసి, కొత్త బ్రేకుల సత్తా చూపడానికి బండిని బలంగా ఉరికించి, ముందు చక్రాన్ని కిర్రుమనిపిస్తున్నాడు.

తిరిగి వచ్చాక మెకానిక్ పాత ప్యాడ్లను చెత్తబుట్టలో వేయబోగా వీరుడు చెయ్యి అడ్డం పెట్టాడు. వాటిని గుడ్డతో తుడిచి, కొత్తవి వచ్చిన డబ్బాలోనే పెట్టి, అల్యూమినియం పెట్టె తాళం తీసి భద్రంగా లోపల దాచాడు.

“పడెయ్యకు అన్నా. మా బామ్మర్దికి గిదే బండి ఉన్నది, నర్సంపేటల. వానియి మొత్తమే అరిగినయట.”